స్టిక్కర్ మీద మన కొండ, సర్టిఫికెట్ మీద ఎవరి పేరు?

 

పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చదవండి. ఇంట్లో కాఫీ తోట గానీ, పసుపు గానీ, అడవి సరుకు సేకరణ గానీ ఉన్నవాళ్ళు తప్పకుండా చదవండి.

ఈ మధ్య మన గ్రూపులో సూపర్ మార్కెట్ ఫొటోలు ఎక్కువ వస్తున్నాయి. హైదరాబాదులోనో విశాఖలోనో చదువుకునే మనోళ్ళు ఎవరో మాల్‌కి వెళ్తారు. ర్యాకులో అడవి తేనె, కొండ పసుపు, అరకు కాఫీ కనపడతాయి. ఫొటో తీసి "ప్రౌడ్ మూమెంట్" అని పెడతారు. కింద లైకులే లైకులు. నాకూ సంతోషమే, నేనూ లైక్ కొట్టాను. కానీ ఆ ప్యాకెట్‌ని వెనక్కి తిప్పి ఫొటో తీసిన పోస్టు ఒక్కటీ కనపడలేదు. ముందు వైపు కొండ బొమ్మ, నెత్తి మీద బుట్ట పెట్టుకున్న అక్క బొమ్మ ఉంటాయి. వెనక వైపు చిన్న అక్షరాల్లో ప్యాక్ చేసిందెవరు, మార్కెట్ చేసిందెవరు, ఆర్గానిక్ సర్టిఫికెట్ నెంబరు ఎంత అని ఉంటుంది. మన జీవితానికి సంబంధించిన విషయం ఆ వెనక వైపే ఉంది.

పెద్ద రిటైల్ కంపెనీలన్నీ ఇప్పుడు "సస్టైనబుల్ సప్లై చైన్" అనే మాట వాడుతున్నాయి. సరుకు పుట్టిన చోటు నుంచి కస్టమర్ చేతికి చేరేదాకా ఉన్న దారి అంతటా అడవికి, నీళ్ళకి, మనుషులకి నష్టం జరగకూడదు, పదేళ్ళ తర్వాత కూడా ఆ దారి నడవాలి అని దాని అర్థం. మంచి మాటే. కాకపోతే ఆ దారి మన కొండ మీద మొదలవుతుంది. నష్టం జరగకుండా చూసుకునే పనీ, ఖర్చూ ఇక్కడే పడతాయి. పేరు, ఎక్కువ రేటు మాత్రం అవతలి చివర్లో ఉంటున్నాయి. ఈ లెక్క మారకుండా ఏ కంపెనీ సప్లై చైనూ సస్టైనబుల్ కాదు అనేది నా అభిప్రాయం.

అసలు వాళ్ళకి మన మీద ఇంత ప్రేమ ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. ఒక రిటైల్ కంపెనీ వల్ల గాలిలో కలిసే కార్బన్‌లో వాళ్ళ షాపుల కరెంటు, ఏసీలు, లారీల వాటా చిన్నది. ఎక్కువ భాగం వాళ్ళు అమ్మే సరుకు తయారైన చోట, అంటే పొలాల్లో, ఫ్యాక్టరీల్లో వస్తుంది. వాల్‌మార్ట్ 2017లో ప్రాజెక్ట్ గిగాటన్ అని మొదలుపెట్టింది. 2030 లోపల తన సప్లయర్ల ద్వారా 100 కోట్ల టన్నుల ఉద్గారాలు రాకుండా చేస్తాం అంది. 2024లో, అనుకున్నదానికి ఆరేళ్ళ ముందే, ఆ లక్ష్యం చేరిపోయాం అని ప్రకటించింది. గొప్పగానే ఉంది. అయితే ఆ లెక్కలు సప్లయర్లు తమంతట తాము రాసి పంపినవి. ఆ పని చెయ్యడానికి సప్లయర్‌కి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చులో వాల్‌మార్ట్ ఎంత పంచుకుంది అనేది ఆ ప్రకటనలో పెద్ద అంశం కాదు. ఫ్లిప్‌కార్ట్ కూడా 2018 నుంచి ఈ వాల్‌మార్ట్ చేతిలోనే ఉంది కాబట్టి ఇది మనకి సంబంధం లేని అమెరికా కథ కూడా కాదు.

ఇప్పుడు కాఫీ సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో 2 లక్షల ఎకరాలకి పైగా కాఫీ ఉంది. ఎక్కువ మందిది ఎకరం, రెండెకరాల తోటే. నీడ చెట్ల కింద కాఫీ, చెట్టుకి మిరియాల తీగ, పెద్దగా మందులు లేవు. పోడు తగ్గించాలని ఐటీడీఏ వేయించిన పంట ఇది. సిల్వర్ ఓక్ మన అడవి చెట్టేమీ కాదు, బయట నుంచి తెచ్చి నాటింది, దాని కింద మన కొండల్లో ఉండే మొక్కలు అన్నీ బతకవు. ఆ మాట ఇంకోసారి మాట్లాడుకుందాం. ఏదేమైనా ప్రపంచంలో రిటైల్ కంపెనీలు "ఇలా పండించండి" అని పుస్తకాలు రాసి చెప్పే పద్ధతికి మనోళ్ళ తోటలు ఎప్పటి నుంచో దగ్గరగా ఉన్నాయి. 2017లో అరకు పేరుతో పారిస్‌లో షాపు పెట్టారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ ట్యాగ్ వచ్చింది. ఇవి నిజంగా మన రైతుల చేతి కష్టం.

దీనిలోకి ఇప్పుడు యూరప్ చట్టం ఒకటి వచ్చింది. ఈయూడీఆర్ అంటారు. 2023లో చేశారు. కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, కలప, పశువులు, వీటి నుంచి తయారైన వస్తువులు యూరప్‌లో అమ్మాలంటే, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టి వేసిన భూమిలో పండినవి కావని కంపెనీ రుజువు చూపాలి. ఎలా రుజువు చూపాలి? పండిన ప్రతి తోటకీ జియో లొకేషన్ ఇవ్వాలి. 4 హెక్టార్ల లోపు తోటకైతే మ్యాపు మీద ఒక పాయింట్ చాలు, అంతకు మించితే హద్దులన్నీ గీయాలి. అంతేకాదు, పండిన దేశపు చట్టాల ప్రకారం, భూమి హక్కులతో సహా, అన్నీ సక్రమంగా ఉండాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది. ఇప్పుడు పెద్ద కంపెనీలకి 2026 డిసెంబర్ 30 గడువు. మన దేశపు కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది, అందులో యూరప్‌ది పెద్ద వాటా. అందుకే కాఫీ బోర్డు రైతుల తోటల వివరాలు నమోదు చేయిస్తోంది. కొనుగోలు చేసే కంపెనీలు కూడా ఫోన్లు పట్టుకుని ఊళ్ళలోకి వస్తున్నాయి.

చట్టం ఉద్దేశం మంచిదే, అడవి నరికేవాడిని ఆపాలి. దీని బరువు ఎవరి మీద పడుతుందో మాత్రం ఆలోచించండి. బ్రెజిల్‌లో ఒక పెద్ద ఎస్టేట్ అయితే ఒకే మ్యాపు, ఒకే ఫైలు. మన దగ్గర అంత కాఫీ కావాలంటే వందల మంది రైతుల పాయింట్లు, వందల పేర్లు, వందల ఆధార్ నెంబర్లు. యూరప్ ఆఫీసులో కూర్చున్న కొనుగోలు మేనేజర్‌కి ఏది సులువు? తప్పు పడితే జరిమానా తనది కాబట్టి చిన్న రైతుని వదిలేసి పెద్ద ఎస్టేట్ వైపు పోవడమే సులువు. అడవిని ఎవరూ ముట్టుకోకపోయినా మనోళ్ళు మార్కెట్ నుంచి బయటికి పోతారు.

ఇంకా ముఖ్యమైనది భూమి కాగితం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పట్టాలు వచ్చిన ఇళ్ళల్లో కూడా విస్తీర్ణం తప్పు పడినవి ఉన్నాయి, తాత పేరు మీదే ఉండిపోయినవి ఉన్నాయి. భార్యాభర్తల ఇద్దరి పేరు మీద ఇవ్వాలని చట్టంలో ఉంటే మగవాళ్ళ పేరు మాత్రమే ఎక్కినవి ఉన్నాయి. పట్టా ఇంకా రాని తోటలూ ఉన్నాయి. పాతికేళ్ళుగా కాఫీ పండిస్తున్న మనిషికి కాగితం లేకపోతే, ఆ లోపం ఆ మనిషిది కాదు. కానీ కంపెనీ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి అంటే వాళ్ళకి రిస్క్, రిస్క్ అంటే కొనరు. గ్రామసభ తీర్మానాన్ని, సాగులో ఉన్నట్టు ఊరి పెద్దల సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోమని మనం అడగాలి. గ్రామసభ అంటే పీసాలో, అటవీ హక్కుల చట్టంలో ఉన్న చట్టబద్ధమైన సంస్థ. కంపెనీకి అది తెలియకపోతే తెలుసుకోవాలి, కొనేవాడి బాధ్యత అది.

ఇంకో ప్రశ్న. ఆ మ్యాపు ఎవరిది? మన తోట ఎక్కడుంది, ఎంతుంది, ఎన్ని చెట్లు, ఎంత దిగుబడి అన్నీ ఒక కంపెనీ సర్వర్లో ఉంటాయి. మన కొండల్ని బాక్సైట్ కోసం ఎవరెవరు కొలిచారో, ఆ కొలతల కాగితాలు ఊళ్ళో ఎవరికీ చూపించకుండానే ఎంత దూరం పోయాయో మన పెద్దవాళ్ళకి గుర్తుంది. అందుకే కొలత అంటే మనోళ్ళకి భయం. ఆ భయం మూఢనమ్మకం కాదు, అనుభవం. కొలిచినవాడు ఒక కాపీ రైతు చేతికి, ఒక కాపీ గ్రామసభకి ఇచ్చి వెళ్తే సగం భయం పోతుంది. అదే డేటా రేపు ఇంకో కొనుగోలుదారుకి చూపించుకునే హక్కు రైతుకి ఉంటే మిగతా సగం కూడా పోతుంది. దీనికి కంపెనీకి అయ్యే ఖర్చు ఎంత? రెండు జిరాక్సులు.

సర్టిఫికెట్ల దగ్గర ఏం జరుగుతుందో మా వైపు నుంచి ఒకటి చెప్తాను. పేర్లు వద్దు. ఒక కంపెనీ వచ్చి పసుపు రైతులందరి పేర్లు రాసుకుంది. ఆర్గానిక్ చేస్తాం, మంచి రేటు ఇస్తాం అంది. ఆర్గానిక్‌గా మారడానికి మామూలుగా మూడేళ్ళు పడుతుంది. ఆ మూడేళ్ళూ రైతులు డైరీలు రాశారు, ఇన్స్పెక్షన్ అంటే పని మానుకుని కూర్చున్నారు. తర్వాత ఒక సంవత్సరం కంపెనీ కొనుగోలు బాగా తగ్గించేసింది, మాకు ఆర్డర్లు లేవు అంది. అదే సమయానికి సిటీ నుంచి ఇంకో పార్టీ వచ్చి "సర్టిఫికెట్ ఉంటే మొత్తం తీసుకుంటాం" అన్నారు. సర్టిఫికెట్ ఉంది. కానీ అది కంపెనీ పేరు మీద ఉంది. రైతులంతా అందులో ఒక లిస్టు మాత్రమే. మా బాబాయి అన్నాడు, "మన పసుపేరా, కాయితం మాత్రం ఆళ్ళదంట." చివరికి ఆ పసుపు సంతలో మామూలు పసుపుతో పాటు మామూలు రేటుకే పోయింది.

ఇందులో చట్టం తప్పిన వాళ్ళు ఎవరూ లేరు, గమనించండి. గ్రూపు సర్టిఫికేషన్లో డబ్బు కట్టినవాడి పేరు మీద కాగితం రావడం మామూలే. అందుకే దీన్ని మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అనే గొడవగా చూడకూడదు. ఒప్పందం ఎలా రాసుకుంటున్నామనేదే ప్రశ్న. యూరప్ కొత్త ఆర్గానిక్ నిబంధనల్లో ఒక మంచి సంగతి ఉంది. రైతుల గ్రూపు సొంతంగా చట్టబద్ధమైన సంస్థగా ఉండాలి, గ్రూపులో 2000 మందికి మించకూడదు. ఇది మనకి అనుకూలం. సర్టిఫికెట్ సొసైటీ పేరు మీద, లేదా ఎఫ్‌పీఓ పేరు మీద ఉంటే కొనేవాళ్ళు మారినా కాగితం మన దగ్గరే ఉంటుంది. మన దేశంలోనే అమ్ముకునే సరుకుకైతే పీజీఎస్ పద్ధతి కూడా ఉంది, రైతులు ఒకరి పొలం ఒకరు చూసి ధృవీకరించుకుంటారు, ఖర్చు చాలా తక్కువ. పెద్ద రిటైల్ కంపెనీ నిజంగా ఏదైనా చెయ్యాలనుకుంటే సర్టిఫికెట్ ఫీజు తను కట్టి, పేరు మాత్రం రైతుల సంఘానిది పెట్టాలి. "అలా చేస్తే రైతులు ఇంకొకరికి అమ్ముకుంటారు కదా" అంటారు. అమ్ముకోనివ్వండి. రేటు బాగుంటే మీకే అమ్ముతారు.

డబ్బులు ఇచ్చే టైమ్ గురించి ఎవరూ పట్టించుకోరు. నాకైతే అన్నిటికంటే పెద్ద విషయం అదే. మనోళ్ళు షావుకారికి ఎందుకు అమ్ముతారు? అమాయకులు కాబట్టి అని బయటివాళ్ళు అంటారు. కాదు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు, పిల్లకి జ్వరం వచ్చినప్పుడు, రాత్రి పూట తలుపు తడితే డబ్బు ఇచ్చేది అతనే. సరుకు వచ్చాక సంతలో కాటా మీద పెట్టిన నిమిషంలో చేతిలో క్యాష్ పెడతాడు. తూకంలో కొట్టేస్తాడు, రేటులో కొట్టేస్తాడు, ఆ సంగతి మనోళ్ళకీ తెలుసు. జీసీసీ 1956 నుంచి ఉన్నది ఈ పట్టు విడిపించడానికే. ఇప్పుడు ఒక రిటైల్ కంపెనీ వచ్చి కేజీకి 20 రూపాయలు ఎక్కువ ఇస్తాను, కానీ 60 రోజుల తర్వాత అకౌంట్లో పడతాయి అంటే ఎవరు అమ్ముతారు? అప్పుల్లేనివాళ్ళు అమ్ముతారు. అప్పులున్న పేదవాడు మళ్ళీ షావుకారి దగ్గరికే. అంటే కంపెనీ స్కీము ఊళ్ళో కాస్త బాగున్నవాళ్ళకే చేరుతుంది, రిపోర్టులో మాత్రం "ట్రైబల్ ఫార్మర్స్" అని పడుతుంది.

యూరప్‌లో దీని మీద 2019లోనే నిబంధన పెట్టారు. పాడైపోయే ఆహార సరుకుకి 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. మన దేశంలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ కట్టాలి. ఇందులో ఒక మెలిక ఉంది, మన ఎఫ్‌పీఓల్లో పనిచేసే మిత్రులు గుర్తుపెట్టుకోండి: సరుకు కొని అలాగే అమ్మే సంస్థకి ఈ రక్షణ వర్తించదు. ఏదో ఒక ప్రాసెసింగ్ చేసి, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి వర్తిస్తుంది. చింతపండు పిక్క తీసి కేకు కట్టినా, కాఫీ పండు పల్పింగ్ చేసి పార్చ్‌మెంట్ చేసినా అది తయారీయే. ఎలాగూ డబ్బు ఉన్నది కూడా అక్కడే. అయిదారు కేజీల పండు అయితేనే ఒక కేజీ గింజ తేలుతుంది. పండు అలాగే అమ్మేస్తే పల్పింగ్, ఎండబెట్టడం, గ్రేడింగ్, వీటన్నిటి మీద వచ్చే డబ్బు కొండ దిగిపోతుంది. రిటైల్ కంపెనీలు ముందస్తు ఆర్డర్ కాగితం మీద రాసిస్తే, దాన్ని చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుని, సంతలో షావుకారితో సమానంగా క్యాష్ పెట్టొచ్చు.

మన వైపు లోపాలు కూడా చెప్పుకోవాలి కదా. పల్పింగ్ చేసిన నీళ్ళు చాలా చోట్ల నేరుగా గెడ్డలోకి వదిలేస్తున్నాం. ఆ నీళ్ళు పులిసి ఉంటాయి, గెడ్డలో చేపలకి గాలి అందదు, కింద ఊరివాళ్ళు అదే నీళ్ళు వాడతారు. ఒక గుంట తవ్వి అందులో ఇంకనిచ్చినా చాలా నయం. జిగురు కోసం గొడ్డలితో నరికి తప్సి చెట్లు ఎన్ని పోగొట్టుకున్నామో పెద్దవాళ్ళని అడగండి. చిన్న గాటు పెట్టి, కొంత కాలం చెట్టుకి విశ్రాంతి ఇచ్చే పద్ధతి నేర్పాక కొన్ని చోట్ల పరిస్థితి మారింది. తేనెపట్టు కూడా అంతే. పిల్లల భాగం వదిలేసి తేనె ఉన్న భాగం కోస్తే ఈగలు మళ్ళీ కడతాయి.

కానీ తేనె విషయంలో ర్యాకుదీ తప్పుంది. సూపర్ మార్కెట్ ర్యాకు పన్నెండు నెలలూ నిండుగా ఉండాలి. అడవి పన్నెండు నెలలూ ఇవ్వదు. ఒక ఏడాది పూత బాగుంటే ఇస్తుంది, ఇంకో ఏడాది ఇవ్వదు. కంపెనీ మాత్రం నెలకి ఇన్ని కేజీలు అని ఆర్డర్ ఇస్తుంది, ఇవ్వలేకపోతే పెనాల్టీ రాస్తుంది. అప్పుడు ఏం జరుగుతుంది? పచ్చి పట్టు కూడా కోసేస్తారు, లేదా మధ్యలో ఎవడో పెంపుడు తేనో పాకమో కలిపేస్తాడు. "ఈ ఏడాది అడవి తేనె అయిపోయింది, మళ్ళీ సీజన్‌కి వస్తుంది" అని ర్యాకు మీద ఒక బోర్డు పెట్టే ధైర్యం ఉన్న కంపెనీని నేను నమ్ముతాను. పర్యావరణం మీద వాళ్ళు వేసే వంద పేజీల రంగుల రిపోర్టు కంటే ఆ ఖాళీ ర్యాకు నాకు ఎక్కువ.

ప్యాకెట్ల చెత్త సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. మన అడ్డాకు విస్తరి తిని పారేస్తే కొన్నాళ్ళకి మట్టిలో కలుస్తుంది. సంతలోకి వచ్చే షాంపూ, గుట్కా, చిప్స్ సాచెట్లు కలవవు, వాటిని తీసుకెళ్ళే బండి కూడా కొండ ఎక్కదు. సప్లై చైను పైకి కూడా నడుస్తుంది, అటువైపు ఎవరూ చూడటం లేదు.

"మరి కంపెనీలు ఇవన్నీ ఎందుకు చేస్తాయి, వాళ్ళేమైనా ధర్మసత్రాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఊరికే చెయ్యవు. వాళ్ళు ఆడిట్లు చేయిస్తారు, ఆడిటర్ వచ్చి టిక్కులు పెట్టి వెళ్తాడు. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. అమెరికా, యూరప్ షాపులకి బట్టలు కుట్టేవాళ్ళు వాళ్ళు. అక్కడి ఫ్యాక్టరీల్లో అంతకు ముందు ఆడిట్లు జరిగాయి, గోడల పగుళ్ళు ఆడిట్ కాగితం మీద కనపడలేదు. ఆ తర్వాతే కార్మిక సంఘాలు కంపెనీలతో అకార్డ్ అనే ఒప్పందం చేయించాయి. దాంట్లో కొత్తదనం ఏంటంటే, సంతకం పెట్టిన కంపెనీని మాట తప్పితే చట్టపరంగా నిలదీయొచ్చు. రిపేర్లకి డబ్బు సర్దుబాటయ్యేలా చూడటం కూడా కంపెనీ బాధ్యతే. స్వచ్ఛందం అన్న మాట పోయి, ఒప్పందం అన్న మాట వచ్చింది.

ఇంకో కథ మనకి ఇంకా దగ్గర. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఇమ్మోకలీ అనే ఊరు. అక్కడ టమాటా కోసేవాళ్ళు మెక్సికో, గ్వాటెమాల, హైతీల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళలో చాలామంది అక్కడి మూలవాసులు. బక్కెట్‌కి ఇంత అని కూలి, ఏళ్ళ తరబడి పెరగలేదు. మొదట్లో తోట యజమానులతోనే కొట్లాడారు. తర్వాత అర్థమైంది, యజమానిని పిండుతున్నది పైన కొనే పెద్ద కంపెనీలు అని. అప్పుడు గురి మార్చారు. పౌను టమాటాకి ఒక్క సెంటు ఎక్కువ ఇవ్వండి, అది నేరుగా కూలీకి చేరాలి అని అడిగారు. 2001లో టాకో బెల్ అనే హోటళ్ళ కంపెనీ మీద బాయ్‌కాట్ మొదలుపెట్టారు. కాలేజీ విద్యార్థులు తోడు నిలిచారు, మా క్యాంపస్‌లో ఈ షాపు వద్దు అని చాలా చోట్ల పట్టుబట్టారు. 2005లో ఆ కంపెనీ దిగివచ్చింది. 2014లో వాల్‌మార్ట్ కూడా ఆ ఒప్పందంలో చేరింది. నిబంధన తప్పిన తోట నుంచి ఆ కంపెనీలు టమాటా కొనకూడదు, కూలీ ఫిర్యాదు చేస్తే విచారించడానికి వేరే సంస్థ ఉంది. ఒక్క సెంటు, దాని వెనక ఒక ఒప్పందం, ఒక ఫిర్యాదు నెంబరు. ఇంతే. మన దగ్గర కూడా ఇలాంటి ఒప్పందం అడగొచ్చు, అడగడానికి కావలసిన చట్టాలు వాళ్ళకంటే మనకే ఎక్కువ ఉన్నాయి. భూమి చేతులు మారకుండా 1/70 ఉంది, చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద గ్రామసభకి యాజమాన్యం ఇచ్చిన పీసా ఉంది.

డిగ్రీ, పీజీ చదివే మిత్రులకి ఒక పని. సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో పైనున్న 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్టు ఇవ్వాలి. సూపర్ మార్కెట్లు నడిపే పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఇందులో ఉంటాయి. ఆ రిపోర్టులో ఎనిమిదో సూత్రం దగ్గరికి వెళ్ళండి. అక్కడ కొన్ని ప్రశ్నలు ఉంటాయి. అణగారిన వర్గాల సప్లయర్ల దగ్గర కొనడానికి ప్రాధాన్యం ఇచ్చే పాలసీ ఉందా? ఏ వర్గాల దగ్గర కొంటున్నారు? మొత్తం కొనుగోలులో అది ఎంత శాతం? సంప్రదాయ జ్ఞానం ఆధారంగా వచ్చిన మేధో హక్కుల మీద లాభం వస్తే ఎవరితో పంచుకున్నారు? ఇవి స్వచ్ఛంద విభాగంలో ఉన్న ప్రశ్నలు, జవాబు ఇవ్వకపోయినా వాళ్ళకి శిక్ష లేదు. కానీ ప్యాకెట్ మీద ఆదివాసీ అక్క బొమ్మ వేసి, రిపోర్టులో ఆ గడి ఖాళీ వదిలిన కంపెనీ ఉంటే మనం పబ్లిక్‌గా అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థలకి తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల దగ్గర కొనాలని 2012 నుంచి పాలసీ ఉంది. ప్రైవేటు రిటైల్‌కి అలాంటిది ఏదీ లేదు. ఎందుకు ఉండకూడదు అనేది మన ప్రతినిధులు సభలో అడగాల్సిన ప్రశ్న.

రేటు గురించి ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్‌లో అరబికా రికార్డు ధరకి పోయింది. మనోళ్ళు సంబరపడ్డారు. అది మన తోట నాణ్యతకి వచ్చిన రేటు కాదు, బ్రెజిల్‌లో కరువుకి వచ్చిన రేటు. అక్కడ వానలు పడితే దిగిపోతుంది. కాబట్టి ఈ మంచి రోజుల్లోనే "ఇంతకంటే కింద కొనం" అనే కనీస ధర మూడేళ్ళకో అయిదేళ్ళకో రాయించుకోవాలి. రేటు పడిపోయాక అడిగితే ఎవరూ వినరు.

నవంబర్‌లో పండు కోత మొదలవుతుంది. అంతకు ముందే ఫారాలు, ఫోన్లు పట్టుకుని ఊళ్ళోకి వస్తారు. ఇంటికి ఫోన్ చేసి చెప్పండి: ఫారం పూర్తిగా చదివి వినిపించకుండా వేలిముద్ర వెయ్యొద్దు, లొకేషన్ తీసుకుంటే కాపీ అడగండి, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుందో రాయించండి, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో తేదీతో రాయించండి, ఇంకొకరికి అమ్ముకోకూడదు అనే లైను ఉంటే గ్రామసభలో పెట్టకుండా ఒప్పుకోవద్దు. కంపెనీ వాళ్ళతో గొడవ అక్కర్లేదు, మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చి అడగండి. మన కాఫీ అయినా ఇవ్వండి.

ఈ ప్రశ్నలన్నీ ఒక పేజీలో తెలుగులో రాసి వారంలో ఇక్కడ పెడతాను. చదవడం రాని పెద్దవాళ్ళ కోసం వాయిస్ మెసేజ్‌గా కూడా చెయ్యాలి. కువి బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్ళు ఇద్దరు, కొండ భాష వచ్చినవాళ్ళు ఒకరు కావాలి. ఎల్ఎల్‌బీ చదువుతున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఆ పేజీ ఒకసారి చూసి, చట్టం మాటలు ఎక్కడైనా తప్పుగా ఉంటే దిద్దండి.